అంచున రాసినవి

మే నెల. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పులుపు
చిత్తూరంతటికీ జిగురుగా అంటుకునే రోజులు.
గిరింపేట నుంచి గొడుగేసుకుని
మా డీటీపీ కొట్టుకి వస్తారు కొర్నేలి అయ్యగారు,
చంకలో నాలుగు నోటుబుక్కులు,
వాటి నిండా ఎనిమిది వందల ఏళ్ల కిందటి బిషప్పు.

హెల్మరిక్ అంట. చలిదేశం.
గాడిద మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పాడంట.
కరువులో గింజలు దాచిన షావుకార్లని
పేరుపెట్టి పిలిచి మరీ కడిగేశాడంట.
"ఆ ఏడు కానుకలు రాలేదులేమ్మా" అని
తనకే జరిగినట్టు నవ్వుతారు అయ్యగారు.

నాది పేజీకి పాతిక రూపాయల భక్తి.
మా ఇంట్లో గంగమ్మకి అంబలి పోస్తాం.
అక్షరం తప్పు పోకుంటే చాలు నాకు.

"ఓట్ల జావ" దగ్గర ఒకరోజు ఆగాం.
ఎలక్షన్ అనుకుంటారయ్యా, అన్నాను.
కొట్టేసి "రాగంబలి" అని రాశారు.
మంచు దగ్గర మూడు రోజులు.
వడగండ్లు అనొచ్చు కదా?
"వడగండ్లు కొడతాయి, తెలుస్తాది.
మంచు ఊరికే ఉంటాదమ్మా. ఊరికే ఉండి చంపుతాది."

పేజీ అంచున బిషప్పు తనకోసం రాసుకున్నవీ ఉన్నాయి:
'కాళ్లు తిమ్మిరెక్కాయి. తొందరగా ముగించాను.'
'వెనక వరసలో ముసలామె నిద్రపోయింది.
లేపొద్దన్నాను.'
ఇవి చిన్నక్షరాల్లో పెట్టాలయ్యా, అంటే
వద్దు, ఇవే పెద్దగా పెట్టమంటారు.

కరెంటు పోయిన సాయంత్రం, చీకట్లో, నెమ్మదిగా అన్నారు:
"ఇది ఆయన మాట కాదు.
జనానికి జనం బాసలో చెప్పినాడు.
ఇంటికొచ్చి లాటిన్‌లో రాసుకున్నాడు.
చెప్పింది గాలికి పోయె.
రాసిందాన్ని ఎవరో ఇంగ్లీషు చేస్తే
దాన్ని నేను గ్రాంథికం చేస్తా ఉండా."
ఫ్యాన్ తిరిగేదాకా ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు కరువు ప్రసంగం మళ్లీ రాసుకొచ్చారు.
అలవాటుగా పైకి చదువుకుంటూ కొడుతున్నాను:
"యాడ దాస్తివిరా గింజలు?
ఎలకలకి పెడితివి,
ఎదురింటి బిడ్డకి పెడితివా?"

ఆధార్ జిరాక్సుకి నిలబడిన మండీ హమాలీ
తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ అడిగాడు:
"ఎవుర్ని పాపా, అట్ల తిడతా ఉండావు?"
ఎవరో షావుకారునంట, గింజలు దాచినాడంట.
"ఏ మండీ?"

చెప్పలేదు. ఏం చెప్పాలి?
జిరాక్సు కాగితం చేతిలో పెట్టినా
ఆయన కదల్లేదు.
"ఇంగా ఉండాదా?" అన్నాడు.

అయ్యగారు పేజీ తిప్పారు.