టంగు

మా అమ్మ దాన్ని జబ్బనేది.
అన్నం పళ్లెం ముందు పెడితే అంచు మీద ఒక దెబ్బ,
తలుపు తీసే ముందు తలుపు మీద,
ఒంగోలు బస్సెక్కే ముందు బస్సు రేకు మీద.
"ఏందే ఆ తట్టుడు, దరిద్రం" అంటూ
గరిటె కాడతో నా వేళ్ల మీద ఒకటిచ్చేది.
గరిటె కాడ మోత వేరు. లోపల బోలు.

పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు అందిస్తూ
గోటితో రెండుసార్లు మీటాను.
అద్దంకి వాళ్లు మళ్లీ కబురంపలేదు.

చీమకుర్తి క్వారీలో నాన్నకు క్యారియర్ ఇవ్వబోయిన రోజు
దారి పక్కన బ్లాకుల వరస,
నల్లటి ఒళ్లు, లోపల రాగి రవ్వలు.
ఎండకు కాలుతున్నా చెయ్యి ఊరుకోలేదు.
మూడు రాళ్లు టంగుమన్నాయి.
నాలుగోది
నిద్రలో పిలిస్తే పలికిన మనిషిలా దబ్బుమంది.
"దీన్లో పగులుంది" అన్నాను.
మేస్త్రీ మాలకొండయ్య నీళ్లు చల్లి, తుడిచి,
వంగి చూసి, నవ్వాడు.
వారానికి ఫ్యాక్టరీలో రంపం కింద
అది నడిమికి రెండయింది.
మర్నాడు మా ఇంటికొచ్చి
నా జీతం సంగతి నాన్నతో మాట్లాడాడు.

ఇప్పుడు నా చేతిలో పావుకిలో సుత్తి, ఎర్ర సుద్దముక్క.
నేను తలూపేదాకా బేరగాళ్లు రేటు ఎత్తరు.
క్రేన్ డ్రైవర్ కాశింసాహెబు ఇంజను ఆపి
గాలి పడేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు.
"ఎట్ట చెప్తావు తల్లీ?" అంటారు.
మీ ఇంట్లో బిందెకు చిల్లి పడితే
మోతలో మీకు తెలీదూ, అట్టనే.

పోయినేడు నాన్నను ఒంగోలు తీసుకుపోయాం.
ముప్పయ్యేళ్లు డ్రిల్లు పట్టిన మనిషి.
డాక్టరు ఎడమ చెయ్యి వీపుకు ఆనించి
కుడి వేలితో తట్టడం మొదలుపెట్టాడు.
నాకు నవ్వొచ్చింది, ఇది మా పనే గదా అని.
పైన. నడుమ. పక్కకి.
కుడి డొక్క మీద
దబ్బుమంది.
ఆయన కాగితం అందుకోకముందే
నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను.
బయట ఎవరో స్కూటర్ స్టాండు వేస్తున్నారు.
దాని మోత కూడా విన్నాను.

ఆ వారమంతా సుత్తి తియ్యలేదు.
క్వారీలో రాళ్లు అట్టనే పేరుకున్నాయి.

నిన్న సంతలో అమ్మ కుండ బేరం చేస్తూ
దాన్ని చెవి దగ్గరికెత్తుకుని
వేలి కణుపుతో ఒక్కటి కొట్టింది.
నేను చూస్తున్నానని చూసి
గబుక్కున దించేసింది.