కొత్త బూట్లకి ఎర్రమట్టి

పోసాదాస్ వంతెన దగ్గర
నాది సుంకం బల్ల.
నదికి అవతల ఎన్‌కర్నాసియోన్.
ఇక్కడ అరవై వేలు పలికే బూట్లు
అక్కడ ఇరవై రెండుకే ఇచ్చేస్తారు.

ఎర్మెలిందా గురువారం గురువారం వస్తుంది.
జనవరి ఎండలో మూడు స్వెట్టర్లు తొడుక్కుని,
బస్సు దిగుతూనే అట్టముక్కతో విసురుకుంటూ
"చలిగా ఉందండీ" అంటుంది నా మొహం చూసి.
ఒంటి మీదున్నదానికి సుంకం లేదు.
చెమటకి అసలే లేదు.

కాళ్లకి కొత్త బూట్లు.
వాటికి గట్టు మీది ఎర్రమట్టి
ఓపిగ్గా, లేసు కన్నాల్లోకి కూడా, పట్టించి ఉంటుంది.
రెండు సైజులు పెద్దవి,
నడుస్తుంటే టపటపమంటాయి.
"పాతవే."
"ఎంత పాతవి?"
"ఈ వంతెనంత."

మూడేళ్ల కిందట ఈ మనిషే
ఈ సంచితోనే అటు వెళ్లేది,
నూనె సీసాలూ గోధుమపిండీ మోసుకుని.
అప్పుడు మా పెసో పాతాళంలో ఉంది,
చవకంతా మా ఒడ్డునే.
తర్వాత లెక్క తిరగబడింది.
నది ఎటు పారేదో అటే పారింది,
సంచి ఎదురు తిరిగింది.

ఒకసారి తెరిపించాను, రూలు కదా.
అడుగున సగం కొరికిన చిపా రొట్టె,
పాదం చుట్టూ పెన్సిలు గీసిన కాగితం,
పక్కన వంకర అక్షరాలు:
ఎల్విసియో, పదమూడేళ్లు.
బొటనవేలి దగ్గర గీత కాస్త జరిగింది,
చక్కిలిగింత పెట్టిందేమో.

వెళ్లమన్నాను.

డ్యూటీ దిగి ఇంటికెళ్తే
మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది,
బూట్లు బయట విడవమని.
కొన్న రోజు నేను పూసిన మట్టి
కుట్ల మధ్య
ఇంకా అలాగే ఉంది.