అస్మారా దాకా

ముందు నోటితో చేసి చూపించమంటాడు.
బానెట్ ఎత్తడు, తాళం తిప్పడు.
"అదెలా మోగుతోందో నువ్వు మోగు" అంటాడు జెరెగాబెర్.
ప్రొఫెసర్లూ పాదిరీలూ, ఒకసారి ఒక కల్నలూ
ఈ రేకుల షెడ్డులో మా ఎదుట నిలబడి
టకటకలాడారు, లొటలొటలాడారు,
చెవులు ఎర్రబడగా కిర్రుమన్నారు.

అబ్రెహెత్ పళ్ళ డాక్టరు.
చేతిసంచి స్టూలు మీద పెట్టి, గొంతు సవరించుకుని
"డొక్... డొక్... డొడొక్" అంది.
ఆయన కళ్ళు మూసుకున్నాడు.
"చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"
"వేడెక్కాక."
"తొక్కినప్పుడా, వదిలినప్పుడా?"
ఆమె కుడికాలు గాలిలో తొక్కింది, వదిలింది.
"వదిలినప్పుడే" అంది, తనకే ఆశ్చర్యమై.

యాభై ఏడు నాటి ఫియట్. మజ్జిగ రంగు.
మేనమామ తెకిఏ ఓ రాత్రి దాన్ని గరాజులో పెట్టి
సైన్యం కంట పడకుండా
తలుపు స్థానంలో గోడ కట్టించాడట.
నలభై ఆరేళ్ళు.
మొన్న ఇటుకలు పగలగొడితే
టైర్లు నేలకి అంటుకుపోయి ఉన్నాయి,
వెనక సీటు సందులో ఎండిన నారింజ తొక్క.
కొత్త బ్యాటరీ, కొత్త నూనె, రెండు దగ్గులు,
లేచింది.
లేచి, కాస్త ఒళ్ళు కాగగానే
అందుకుంది ఈ డొక్కుడొక్కు.

వాల్వులన్నాను నేను.
"వాల్వు గోడగడియారంలా టిక్కుటిక్కంటుంది.
ఇది లోపల్నుంచి ఎవరో తలుపు తట్టడం."
పెట్రోలు పంపన్నాను.
దానికాయన నవ్వను కూడా నవ్వలేదు.

పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కుకున్నాడు.
కుడి చెవి పోయి చాలా కాలమైంది.
ఎముకకి చెవుడుండదంటాడు.
ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకమన్నాడు.
మొదటిది పీకాను: ఇంజను కుంటింది, చప్పుడు కుంటలేదు.
రెండోదీ అంతే.
మూడోది పీకగానే
ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు అణిగింది.
పక్క కొట్లో డ్రమ్ములు చదును చేసే సుత్తులు
అప్పుడు వినబడ్డాయి.

నూనె దించాం. కింద పళ్ళెం విప్పాం.
వెల్లకిలా పడుకుని మూడో కడ్డీ బోల్టులు వదులు చేస్తూ
అరిగిన బేరింగూ, వెండి పొడీ రాలుతాయని
అరచెయ్యి పట్టాను.
పడింది తోలు ముక్క.
నల్లగా, గట్టిగా, ఎండుచేపలా వంకర తిరిగి,
ఒక అంచున చిల్లు,
చిల్లు చుట్టూ ఇత్తడి కన్ను.

జెరెగాబెర్ దాన్ని బల్బు కిందికి తీసుకెళ్ళాడు.
గోటితో గీకాడు, వాసన చూశాడు.
టీ చల్లారిపోయింది.

"నెఫాసిత్ దాటాక నాలుగో మలుపు" అన్నాడు చివరికి.
"పొగమంచు. వెనక మస్సావా వైపు ఫిరంగులు.
ఈ బండి రోడ్డు పక్కన ఆగి ఉంది,
నిండా మనుషులూ, ఒక బుట్ట నారింజలూ.
నాకు పందొమ్మిదేళ్ళు, భుజాన సామాన్ల సంచి.
చూస్తే బేరింగు పిండైపోయింది.
నడుం బెల్టు కోసి, నూనెలో నానబెట్టి, బిగించాను.
మెల్లగా పొండి, అస్మారా దాకానే,
ఆ పైన నా పూచీ లేదని చెప్పాను."

"మిమ్మల్ని ఎక్కించుకోలేదా మావాళ్ళు?" అంది అబ్రెహెత్.

"ఎక్కమన్నారు. నేనే ఎక్కలేదు.
ఎక్కితే బరువు.
తెల్లారేదాకా ఒక చేత్తో పంట్లాం పట్టుకుని
ఘాటు రోడ్డంతా నడిచాను.
ప్రతి మలుపులోనూ అనుకున్నాను,
ఇక్కడ ఆగిపోయి ఉంటుంది, ఇక్కడ ఉంటుంది అని.
ఎక్కడా లేదు."

తోలుముక్కని బల్ల మీద బోల్టుల పక్కన పెట్టాడు.
"చూశావా" అన్నాడు నాతో, "దాకానే అన్నాను.
మాట దాటలేదు."

కొత్త బేరింగు కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలో,
ఎన్ని రోజులు పడుతుందో
నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.
స్టూలు కాస్త ముందుకి జరుపుకుని
డాక్టరమ్మ వైపు
ఆ వినబడని చెవినే తిప్పి,
"మళ్ళీ ఒక్కసారి చెయ్యమ్మా," అన్నాడు,
"ఆ చప్పుడు."