కరెంటు పోయాక

తిబిలీసి ఎండు వంతెన మీద
ఆదివారం పొద్దున్నే అంజోర్ దుప్పటి పరుస్తాడు.
సోవియట్ పతకాలు, గాజు సిరంజీలు,
ఎవరి పెళ్లివో ఆరు వెండి చెంచాలు,
వాటి మధ్య పసుప్పచ్చ క్యాట్రిడ్జి ఒకటి.
తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని
దాని నుదుట రాసి ఉంటుంది.
ఉన్నవి నాలుగు.
మిగతావన్నీ ఆ నాలుగే, టోపీలు మార్చుకుని.

ఇరవై అడిగాడు, పన్నెండుకి దిగాడు.

కొనేవాళ్లు స్క్రూలు చూస్తారు, స్టిక్కరు చూస్తారు,
రాగి పళ్ల మీద చిలుము పట్టిందేమో చూస్తారు.
నేను ముక్కు దగ్గర పెట్టుకుంటాను.
తొంభైమూడు చలికాలంలో ఈ ఊళ్లో
అన్నీ కిరోసిన్ వాసనే,
రొట్టె, దిండు, అమ్మ జుట్టు.

ఇది పదకొండోది. ఇంట్లో పది ఉన్నాయి, ఇలాంటివే.
మా ఊళ్లో లిఫ్టులు నాణెం వేస్తేనే కదులుతాయి.
ఆ డబ్బాల్లో ఇరుక్కున్నవి తీయడం నా ఉద్యోగం.
ఎతెరికి నాణేలు చాలక డబ్బాలు కూడా పోగేస్తోంది
అంటారు నాతో పనిచేసేవాళ్లు.

అప్పుడు కరెంటు రోజుకి రెండు గంటలు.
ఏ రెండో ఎవరికీ తెలీదు.
వచ్చిన క్షణాన మెట్లన్నీ ఒక్కసారే అరిచేవి.
అమ్మ పొయ్యి దగ్గరికి,
గోచా, నేను టీవీ దగ్గరికి.
నాలుగో లెవెల్ దాటేవాళ్లం,
అయిదోదాని తలుపు సగం తెరుచుకునేది,
టప్.

గోచా వేళ్లు ఆగేవి కావు.
చీకట్లో బటన్లు, టకటక.
"దూకాను. తేనెటీగలు! పక్కకి జరుగు.
గాజు మెట్లొచ్చాయి,
ఇక్కడ చెప్పులు విప్పి ఎక్కాలి."
నేను విప్పేదాన్ని, నిజంగానే,
మంచులాంటి నేల మీద.

కిందటేడు కొత్త కెపాసిటర్ అతికించి,
పళ్లు స్పిరిట్‌తో తుడిచి,
ముప్పై ఏళ్లకి అయిదో లెవెల్లోకి అడుగుపెట్టాను.
మొదటి లెవెలే అది.
ఆకాశానికి ఊదారంగు పూశారు, అంతే.

గోచా బతుమి రేవులో క్రేన్ నడుపుతాడు.
ఫోన్లో వెనక ఎక్కడో ఓడ కూసింది.
"తేనెటీగలు లేవు" అన్నాను.
కాసేపు ఊరుకుని
"నువ్వు సరిగ్గా చూసుండవు" అన్నాడు.

ఆ రాత్రే మొదలుపెట్టాను.
ఉచితంగా దొరికే ఇంజిను,
ఒక కీ ఊడిపోయిన లాప్‌టాప్.
మొదటి వారం ఒక చదరం.
ఎడమకి వెళ్లమంటే ఎడమకి వెళ్లింది!
పక్కింటావిడని పిలిచి చూపించాను.
"చదరం" అంది ఆవిడ.
రెండో వారం దూకింది, దిగలేదు.
పైకి, ఇంకా పైకి,
నేను పడుకున్నాక కూడా పోతూనే ఉండుంటుంది.
భూమి లాగే బలానికి ఒక అంకె ఉంటుందని,
దాని ముందు చిన్న గీత మర్చిపోతే
లోకం ఇలా ఎగిరిపోతుందని
నలభై ఒకటో ఏట తెలిసింది.

తేనెటీగలకి నెల పట్టింది, ఒక్కొక్కటి పదహారు చుక్కలు.
గాజు మెట్లకి చలికాలమంతా.
చివర్లో కరెంటు పోయేట్టు రాశాను.
తెర నల్లబడుతుంది, ఆట అయిపోతుంది,
నా లెక్క అదీ.

మూడో అంతస్తు తోర్నికేకి పదేళ్లు.
వాడి చేతికిచ్చాను.
తెర నల్లబడింది.
వాడు ఆగలేదు.
టకటక.
స్పీకర్లో అడుగుల చప్పుడు, గాజు మీద, ఒట్టి కాళ్లతో.
బొమ్మని ఆపాను గానీ
బటన్ల మాట వినడం ఆపమని చెప్పడం మరిచాను.

"తప్పురా అది, ఇలా ఇవ్వు, సరిచేస్తా."
"ష్" అన్నాడు,
"ఇక్కడేదో కుడుతోంది."

ఆ వరుస ఇంకా అలాగే ఉంది కోడులో.
పక్కన ఒక్క మాట రాసుకున్నాను,
రేపు తెలివి తెచ్చుకుని దిద్దబోయే నాకోసం:
ముట్టుకోకు.