ఐదు రూపాయల సూది

తిరపతి లా కాలేజీ నుంచి ప్రసూన ఫోను.
"నాయినా, శనివారం వాదన ఉంది.
మత్తుమందుల్ని చట్టబద్ధం చేస్తే
వ్యసనం తగ్గుతుందని నేను మాట్లాడాల.
నీది మందులషాపు కదా, ఏదన్నా చెప్పు."

ఏం చెప్పేది?
చిత్తూరు సంతపేటలో ఇరవయ్యారేళ్ళుగా
ఈ షట్టరు ఎత్తతా దించతా ఉండా.
చీటీ ఉంటే మందు, లేకుంటే లేదు.
నాకు తెలిసిన చట్టం అంత పొడుగే.

పక్కనే బ్రాందీషాపు. అది చీటీ అడగదు.
దానికీ లైసెన్సు ఉంది, నాకు మాదిరే, అద్దాల పటంలో.
మా బామ్మర్ది దొరవేలు
ప్రతి సీసాకూ పన్ను కట్టి
ఒక్క కేసైనా లేకుండా
కడుపుబ్బి పోయినాడు.
ఈ సంగతి బిడ్డకు చెబితే
అవతలోళ్ళు గెలుస్తారు.

కానీ మొగిలి ఉన్నాడే,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పిల్లోడు.
జూన్ నెల. చొక్కా నిండా తోతాపురి వాసన.
"అన్నా, సూది ఒకటియ్యి. మందొద్దు, సూదే" అన్నాడు.
ఎందుకో నాకు తెలుసు.
నాకు తెలుసని వాడికీ తెలుసు.
డబ్బాలోంచి ఒకటి తీశాను కూడా.
అంతలో ఎదురుగా పోలీసు జీపు,
టీ కోసమే ఆగింది పాపం.
"చీటీ తీసుకురాపో" అన్నాను.

ఐదు రూపాయల బిళ్ళ
అద్దం మీద కాసేపు తిరిగి పడుకుంది.
తీసుకొని వెళ్ళిపోయినాడు.

నీవానది వంతెన కింద
నలుగురికీ ఒకటే సూది దొరికిందంట.
మత్తు ఎవరిది వాళ్ళకు తెల్లారేసరికి దిగింది.
రోగం దిగలా.
ఇప్పుడు వాడి దగ్గర చీటీ ఉంది.
నెలనెలా వస్తాడు, బిల్లు కూడా రాసిస్తాను.
ఆ రోజు మాట వాడెత్తడు.
ఎత్తితే బాగుండును.

"నాయినా, లైన్లో ఉండావా?"
ఉండా తల్లీ.
అమ్మకానికి పెడితే తగ్గుతుందంటే
పక్కషాపు ముందర వరస చూసి నమ్మలేను.
పట్టుకుంటే తగ్గుతుందంటే
వంతెన కిందికి దిగి చూడలేను.
నీ కాగితంలో రెండు పక్షాలే ఉన్నట్టుంది.
కౌంటరు వెనకాల నిలబడినోణ్ణి
ఏ పక్కన రాస్తావో నువ్వే చూసుకో.

ఆ సూది మళ్ళీ డబ్బాలో పెట్టలేదు నేను.
సొరుగులోనే ఉంది, కవరు చించకుండా.
పోయిన మార్చితో
దాని గడువు తీరిపోయింది.