ఐదు కాపీలు

ఐదే కాపీలు కుట్టానమ్మా కెజియా,
నల్ల రెగ్జిన్, వెన్ను మీద బంగారు అక్షరాలు.
ఒకటి యూనివర్సిటీకి, ఒకటి లైబ్రరీకి,
ఒకటి మీ గైడు గారికి, ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాకి.
ఐదోది మీ అమ్మ
బైబిలు పక్కన పెట్టుకుంటుందన్నావు.

కాకినాడలో ముప్పైరెండేళ్ళుగా ఇదే పని నాది.
మైదా జిగురు ఆరేలోపు
చేతికందిన పేజీ చదవడం ఓ జబ్బు.
సగం అర్థం కాదు.
అలా చదువుతూ చదువుతూ ఎనభై ఏడో పేజీలో
పద్నాలుగో నంబరు బావి దగ్గర ఆగిపోయాను.
అమలాపురం దాటాక, పాయకి పడమర గట్టు,
పెంకుటిల్లు, రొయ్యల చెరువుకి నలభై గజాలు.
అది మా అక్క బావి కదమ్మా!

ఏడేళ్ళ నుంచీ మొత్తుకుంటోంది
పప్పు ఉడకట్లేదురా అని.
పప్పు మార్చి చూడమన్నాం.
కుక్కరు కొనిచ్చాం.
వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాం.
నువ్వు రెండు వేసవులు, రెండు వానాకాలాలు
సీసాల సంచీ ఒళ్ళో పెట్టుకుని పల్లెవెలుగు బస్సుల్లో తిరిగి
ఆవిడ మాటకి ఓ అంకె ఇచ్చావు.

పత్రికకి పంపావా అంటే తల దించుకున్నావు.
ఓసారి పంపితే తిప్పికొట్టారట,
బావులు చాలవన్నారట, ఇంగ్లీషు కుదర్లేదన్నారట.
అయితే ఏం?
నేను కుట్టిన మొదటి పుస్తకానికి
అట్ట తలకిందులుగా వేశాను.
మా మేస్త్రి ఖాదర్ వలీ తిట్టాడు,
దారం మొత్తం నా చేతే విప్పించాడు.
ఆ విప్పడంలోనే తెలిసింది నాకు కుట్టు.

లాకుల దగ్గర కాలువ నిండుగా కనపడితే
నీళ్ళొచ్చేశాయంటారు పై ఊళ్ళవాళ్ళు.
శివారు రైతునడుగు.

మీ డిపార్ట్‌మెంట్ బీరువా నేనెరుగుదును.
దాని అడుగు అరలో
తొంభై ఎనిమిదిలో నేను కుట్టిన వాటిని
చెదలు చదువుకుంటున్నాయి,
ముందుమాటతో సహా.

ఇదిగో, ఇది ఆరోది. కుట్టలేదు.
నాలుగో అధ్యాయం ఒక్కటే, విడి కాగితాలు, క్లిప్పు పెట్టాను.
విడిగా ఉంటే దిద్దుకోవడం తేలిక.
ఇంకో పది బావులు కావాలంటే
ఆదివారం నేనూ వస్తాను, సంచీ మోస్తాను.
దీనికి డబ్బులు
అచ్చయ్యాక ఇద్దువుగాని.

అన్నట్టు,
అందులో మా అక్క పేరు వెయ్యకూడదటగా?
సరే, నంబరే ఉండనీ.
పద్నాలుగు నువ్వేనే అని
నేను చెబుతాలే.