రెండో కణుపు దాకా

తాళంచెవి, ఒక చీటీ.
తుంటి ఆపరేషన్‌కి వెళ్తూ తెల్లెర్వో
నా చేతిలో పెట్టినవి ఆ రెండే.
చీటీలో మూడు ముక్కలు:
వేలు పెట్టి చూడు.
రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పొయ్యి.
అనుమానం వస్తే పొయ్యకు.

మూడో అంతస్తు కిటికీ దగ్గర,
హీటరుకి బారెడు దూరంలో ఉంటుంది అది.
మెక్సికో ఇసుకతీరం దాని పుట్టిల్లట.
ఈతమొక్క కదూ అన్నాను మొదట్లో.
కాదంది. సైకాడ్ అంది,
నన్నెవరో తప్పుడు పేరుతో పిలిచినప్పుడు
నేను మొహం పెట్టినట్టే మొహం పెట్టి.
ఆకు ముట్టుకుంటే అట్టపెట్టె మూత.
మొదలు, మట్టిలో సగం దిగిపోయిన దుంప.
నీళ్ళన్నీ అక్కడే దాచుకుంటుందట,
అడక్కుండా, చెప్పకుండా.

ముప్పై నాలుగేళ్ళు మంచు తోసినవాణ్ణి నేను.
తెల్లవారుజాము మూడింటికి ఔలు వీధుల్లో
పడుతున్నదాన్ని పడుతున్నట్టే పక్కకి నెట్టడం నా పని.
పూర్తయిందనుకుని వెనక్కి చూస్తే
మళ్ళీ తెల్లగా ఉండేది.
అలాంటివాణ్ణి ఒక మొక్క ముందు కూర్చోబెట్టి
ఏమీ చెయ్యకు అంటే
నాకు అర్థమవుతుంది గానీ, చేతులకి?

జనవరి.
సూర్యుడు పదిన్నరకి వచ్చి
రెండు కొట్టకముందే కోటు వెతుక్కుంటాడు.
మట్టి తడి. మర్నాడూ తడి.
ఆదివారం నాడూ, సిగ్గులేకుండా, తడే.

పదహారో రాత్రి బయట మైనస్ ఇరవై ఏడు.
గొట్టాల్లో వేడినీళ్ళు గొణుగుతున్నాయి.
దానికి దాహంగా ఉందనిపించింది.
దాహం ఎవరిదో అప్పుడు సరిగ్గా విచారించలేదు.
ఒక కాఫీ కప్పు పోశాను.
ఒక్కటే పోస్తే బావుండదని ఇంకోటి.

వారం తిరక్కుండా కింది ఆకు పసుపయింది.
మొదలు నొక్కితే, దేవుడా,
బొటనవేలు మెత్తగా లోపలికి పోయింది.
పోసిందంతా నాలోంచే కారుతున్నట్టు
నీరుగారిపోయాను.

పాత పేపర్లు పరిచి కుండీ బోర్లించాను.
రొట్టె కోసే కత్తితో కుళ్ళిన వేళ్ళు కోశాను.
కోసినచోట పొడి ఏదైనా అద్దాలని ఎవరో అనగా విన్నాను;
మా వంటింట్లో ఉన్న పొడి దాల్చినచెక్క ఒక్కటే.
అద్దాను.
తువ్వాలు మీద నాలుగు రోజులు పడుకుంది,
ఆవిరిగదిలోంచి బయటికొచ్చి
మాట్లాడ బుద్ధికాని ముసలాయనలా.
జారకుండా రోడ్ల మీద చల్లే కంకరపొడి
షెడ్డులో అరబస్తా మిగిలింది. కడిగి, మట్టిలో కలిపి నాటాను.
నా ఉద్యోగం దానికి అంతమాత్రం పనికొచ్చింది.

తర్వాతంతా వేలే.
ఫిబ్రవరి అంతా వేలే.
కొట్లో చిల్లర తీసుకుంటుంటే
నా గోటికింద నలుపు చూసి ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.
పైపైన పొడిబారడం ఉత్త మాట అని తెలిసింది.
కింద తడి ఎన్నాళ్ళుంటుందో
దానికి తప్ప ఎవరికీ తెలీదు.
రెండుసార్లు పోశాను మొత్తం మీద. రెండుసార్లే.
ఆ రెండుసార్లూ చెయ్యి వణికింది.

మార్చి తొమ్మిదిన వచ్చింది తెల్లెర్వో, చేతికర్రతో.
కోటయినా విప్పకుండా వేలు దించింది.
తీసి వాసన చూసింది.
"ఇందులో బన్నులు గానీ చేశావా, ఇల్మో?"

నేను నీళ్ళు నమిలాను.
ఆ గదిలో ఆ పూట నీళ్ళు దక్కింది
నాకొక్కడికే.

ఆవిడ ఇంకేమీ అడగలేదు.
కుండీని వెలుగువైపు తిప్పింది, కర్ర కొసతో.
ఆకుల నడుమ, గోరంత,
గోధుమరంగు నూగుతో ముడుచుకుని ఏదో ఉంది.
ఎన్నాళ్ళనించి ఉందో.
మట్టినే చూస్తూ ఉన్నవాణ్ణి,
తల ఎత్తలేదు నేను.

"పొయ్యనా మరి?" అన్నాను.
"నీ వేలు ఏమంటోంది?"
పెట్టి చూశాను. తడి.
"అయితే," అంది కుర్చీలోకి మెల్లగా దిగుతూ,
"ఆ కప్పుల్లో కాఫీ పొయ్యి."